నడుముకు రివాల్వర్ ఉన్న రోజు మందు ముట్టొచ్చా? కొత్తగా లైసెన్సు వచ్చింది, సలహా కావాలి

పొద్దుటూరు చిన్నోడు · శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు, నాన్న కాలం నుంచి బంగారు వ్యాపారం. సరుకు, డబ్బు పట్టుకుని వారానికి రెండుసార్లన్నా కడపకు, నెలకోసారి కర్నూలుకు పోయి రావాలి. పోయినేడు మా వీధిలో ఒకాయన బండిని దారిలో అడ్డగించి బ్యాగు లాక్కుపోయారు, అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. దరఖాస్తు పెట్టి, పోలీసు విచారణ, శిక్షణ, డాక్టరు సర్టిఫికెట్ అన్నీ అయ్యి మొత్తానికి రెండు నెలల కింద లైసెన్సు చేతికొచ్చింది. కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ తీసుకున్నా. చొక్కా లోపల కుడి నడుముకు హోల్‌స్టర్‌లో పెట్టుకుంటాను, బయటికి కనపడదు.

అసలు సంగతికి వస్తాను. నేను రోజూ తాగేవాణ్ణి కాదు. శనివారం షాపు మూశాక నలుగురు స్నేహితులం మైదుకూరు రోడ్డులో ఒక డాబా దగ్గర కూర్చుంటాం, రెండు పెగ్గులు, ఎప్పుడన్నా మూడు. షాపు నుంచి నేరుగా పోతాను కాబట్టి తుపాకీ నడుముకే ఉంటుంది. పోయిన శనివారం రెండో గ్లాసు మీద ఉండగా బండి అడ్డం పెట్టారని పక్క టేబుల్ వాళ్ళతో మాటా మాటా పెరిగింది. పెద్ద గొడవేం కాదు, వాళ్ళలో ఒకడు మా వాడి చొక్కా పట్టుకున్నాడు, అంతే. నేను లేచి నిలబడ్డాను, నా చేయి కుడి నడుము మీదికి పోయింది. తీయలేదు, చొక్కా కూడా లేపలేదు, ఎవరూ గమనించలేదు కూడా. కానీ చేయి అక్కడికి పోయిందని నాకు తెలుసు కదా. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంట్లో చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి చెప్తున్నా.

వచ్చే నెల కడపలో మా చిన్నాయన కొడుకు పెళ్ళి. అక్కడ మామలు, బావలు అందరూ కూర్చుంటారు, ఒక్క పెగ్గుకేమవుతుంది అంటారు. తుపాకీ ఉన్నవాళ్ళు మీరంతా ఏం చేస్తారు? ఎంత వరకైతే పర్వాలేదు?

కర్నూలు మాజీ సుబేదార్ · శుక్రవారం రాత్రి 11:15

తమ్ముడూ, ముందు నువ్వు ఈ మాట దాచుకోకుండా రాసినందుకు సంతోషం. ఎంత వరకు అని అడిగావు. సున్నా. ఒక్క పెగ్గు కాదు, ఒక గుక్క బీరు కూడా కాదు.

24 ఏళ్ళు ఫౌజులో చేసి వచ్చి ఇప్పుడు కర్నూలులో ఒక బ్యాంకు దగ్గర 12 బోర్ తుపాకీ పట్టుకుని గార్డుగా ఉన్నా. అందరూ ఫౌజీలు బాగా తాగుతారని అనుకుంటారు. అక్కడ రమ్ము ఉన్నమాట నిజమే. కానీ సాయంత్రం గ్లాసు చేతికి రావాలంటే ముందు ఆయుధం కోత్‌లో జమ కావాలి. కోత్ అంటే ఆయుధాల గది. ఒక్కొక్క రైఫిల్ నంబరు చదివి, తూటా ఉండే ఛాంబర్ తెరిచి చూపించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, తాళం పడ్డాకే మనిషి మెస్సు వైపు నడుస్తాడు. 24 ఏళ్ళలో ఈ వరస తప్పింది నేను చూడలేదు. ఇదంతా ఎవరి మీదా నమ్మకం లేక చేసేది కాదు. తాగిన మనిషి ఎంత మంచివాడైనా అతని చేతికీ ఆయుధానికీ మధ్య ఒక తాళం ఉండాలి, అంతే.

నీ తప్పు డాబాలో జరగలేదు. షాపు నుంచి నేరుగా డాబాకు బండి తిప్పావు చూడు, అక్కడ జరిగింది. మధ్యలో ఇంటికి పోయి తుపాకీ తాళంలో పెట్టి, కాళ్ళు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని పోయి ఉంటే నీ చేయి నడుము మీదికి పోయినా అక్కడ బెల్టు తప్ప ఏమీ తగిలేది కాదు. శనివారం కూర్చోవాలని ఉంటే పొద్దున్నే అనుకో, ఈరోజు ఇంటి మీదుగానే పోతానని. గ్లాసు ముందు కూర్చున్నాక ఆలోచిద్దాంలే అంటే కుదరదు, అప్పుడు ఆలోచించే బుర్ర నీది కాదు.

ఆదోని పత్తి · శనివారం ఉదయం 7:20

సుబేదార్ అన్న మీద గౌరవంతోనే అంటున్నా, ఇంత కఠినంగా ఉండాల్సిన పని లేదు. మా పెద్దనాయనకు 1980ల నుంచి లైసెన్సు ఉండేది. జిన్నింగ్ మిల్లు, చుట్టూ శత్రువులు, ఆ రోజులు మీకు తెలుసు. రోజూ సాయంత్రం రెండు పెగ్గులు తాగేవాడు, తుపాకీ దిండు కింద ఉండేది, బయటికి పోతే నడుముకు ఉండేది. ముప్పై ఏళ్ళలో ఒక్క తూటా పొరపాటున పేలలేదు. మనిషి మీద ఆధారపడి ఉంటుంది. కంట్రోల్ ఉన్నవాడికి ఒక పెగ్గుతో ఏమీ కాదు. పైగా తాగేసి ఖాళీ చేతులతో రాత్రి పదకొండుకు ఇంటికి పోవడం కూడా ప్రమాదమే కదా, అప్పుడే కదా ఎవడైనా కాచుకుని ఉండేది?

కడప క్యాజువాల్టీ సిస్టర్ · శనివారం ఉదయం 9:05

నేను నర్సును, పదకొండేళ్ళుగా ఎమర్జెన్సీలో. తుపాకీ గురించి నాకు తెలియదు, మందు గురించి చెప్తాను.

"ఒక పెగ్గు", "ఒక బీరు" అని లెక్క చెప్పేవాళ్ళకు అందులో ఎంత ఆల్కహాల్ ఉందో తెలియదు. మన దగ్గర దొరికే విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములు, అంటే బీరే కదా అని ఒక సీసా తాగినవాడు రెండు పెద్ద పెగ్గులు తాగినట్టే. క్వార్టర్ అయితే 60 గ్రాములు. మన కాలేయం గంటకు సగటున ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే అరిగిస్తుంది. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. కాఫీతో మెలకువ వస్తుంది, మత్తు దిగదు. రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడి ఒంట్లో తెల్లవారి ఆరుకు కూడా ఇంకా ఉండొచ్చు. ఆ మనిషి ఏడుకు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తుపాకీ నడుముకు కట్టుకుని కడప బస్సెక్కితే తాగి తుపాకీ పట్టుకున్నట్టే. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంకో మాట. ఆల్కహాల్ మొదట పట్టుకునేది కాళ్ళను కాదు. తూలడం, మాట ముద్దగా రావడం తర్వాత. అంతకంటే చాలా ముందే "ఇది చేయొద్దులే" అని లోపల చెప్పే గొంతు తగ్గిపోతుంది. కాబట్టి నేను స్టడీగానే ఉన్నా, నాకు కంట్రోల్ ఉంది అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళకు నిజంగానే అలా అనిపిస్తుంది. క్యాజువాల్టీకి రాత్రి పన్నెండు తర్వాత వచ్చే ప్రతి తాగినవాడూ నాతో అదే మాట అంటాడు, నేను కుట్లు వేయిస్తుంటే కూడా.

చిన్నోడు తమ్ముడూ, నీ చేయి రెండో గ్లాసు మీద నడుముకు పోయింది అన్నావు. నువ్వు రౌడీవని కాదు దాని అర్థం. రెండు పెగ్గులు కలిపి 40 గ్రాములు, అవి చేసే పని అదే.

నిద్రమాత్రలు, అల్ప్రాజోలం లాంటివి, మత్తు తెప్పించే దగ్గు మందు, జలుబు మాత్రలు వాడే రోజు కూడా ఇదే లెక్క.

అనంత లాయరు · శనివారం ఉదయం 11:30

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు, ఎందుకంటే లైసెన్సు ఉన్నవాళ్ళలో చాలామంది ఆ పుస్తకం వెనుక రాసిన షరతులు ఒక్కసారీ చదవరు.

తుపాకీ కనపడకుండా పెట్టుకుంటానని చిన్నోడు రాశాడు. మంచిది, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు కూడా. 2016 ఆయుధాల నియమాల్లో 32వ నియమం చదవండి. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషికి దాని మీద అదుపు ఉండాలి. ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, అదుపు ఉండాలి. మూడు పెగ్గులు వేసినవాడికి అదుపు ఉందని కోర్టులో నిలబడి చెప్పమంటే నేను చెప్పలేను. బయట తుపాకీ తీసి ఊపడం, చూపించి బెదిరించడం కూడా ఆ నియమాల ప్రకారం నిషిద్ధమే. మన వైపు చొక్కా అంచు కొంచెం పైకి లేపి పిడి కనపడనిచ్చే అలవాటు ఒకటి ఉంది, పెద్దరికం అనుకుంటారు. అది కూడా దీని కిందికే వస్తుంది.

పెళ్ళి గురించి. సంత, ఊరేగింపు, జనం గుమిగూడే చోటికి ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకుపోకూడదన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చే పద్ధతి మీద 2019లో ఆయుధాల చట్టానికి సవరణ తెచ్చారు. సెక్షన్ 25 లో 9వ ఉపవిభాగం, నిర్లక్ష్యంగా గానీ వేడుక కోసం గానీ కాల్చి మనుషుల ప్రాణాల మీదికి తెస్తే 2 ఏళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికీ తగలకపోయినా సరే. కాబట్టి పెళ్ళికి తుపాకీ తీసుకుపోవాలా అన్న ప్రశ్న మందు దాకా రాకముందే తేలిపోయింది.

ఆదోని అన్నా, మీరు ఆత్మరక్షణ గురించి అడిగారు. ఆ హక్కు ఉంది, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని అందులోనే ఉంది, ఆ అవసరం ఎంతో ఒక్క సెకనులో తూచాల్సింది మీరే. తాగి ఉంటే ఏం జరుగుతుందో చూడండి. పోలీసులు వచ్చి మొదట చేయించేది రక్తపరీక్ష. ఆ కాగితం మీద అంకె ఉన్నాక, ఎదుటివాడు నిజంగానే కత్తి తీసినా సరే, మీకు అలా కనిపించింది మత్తులో అని అవతలి లాయరు మొదటి రోజే అంటాడు. తాగి ఉన్నాను, తెలియక చేశాను అనేదీ పనికిరాదు, సొంతంగా తాగినవాడికి తాగనివాడికి ఉండే తెలివిడే ఉన్నట్టు చట్టం చూస్తుంది. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 86, కొత్తదాంట్లో 24. బండి నడపడానికే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు, తుపాకీ బండి కంటే తేలికైన వస్తువా?

ఇదంతా కాక, కేసు రుజువు కాకముందే ప్రజల భద్రత పేరు మీద లైసెన్సును సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం సెక్షన్ 17 కింద లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది.

ఎన్‌హెచ్ 44 డ్రైవర్ · శనివారం మధ్యాహ్నం 2:10

లాయరు సార్, ఒక డౌటు. మా ఓనరు కూర్చునే ముందు రివాల్వర్ నాకిచ్చి కారులోనే ఉండమంటాడు. నేను తాగను. అలా అయితే పర్వాలేదు కదా?

అనంత లాయరు · శనివారం మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, మీ ఓనరు ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఇరుక్కునేది నువ్వు. లైసెన్సు లేనివాడు ఇంకొకరి ఆయుధం మోయడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా చిన్నది. లైసెన్సుదారు ఎదుట గానీ, రాతపూర్వకంగా ఆయన అనుమతిస్తే గానీ, అది కూడా మరమ్మతుకు, రెన్యువల్‌కు, లేదా ఆయన వాడకం కోసం మాత్రమే. ఆయన లోపల తాగుతుంటే నువ్వు బయట కారులో కాపలా కాయడం అందులోకి రాదు. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే అక్రమ ఆయుధం కేసు నీ పేరు మీద. లైసెన్సులో రిటైనర్‌గా, అంటే ఆయన తరఫున ఆయుధం మోసే మనిషిగా, నీ పేరు రాయించి ఉంటే అది వేరు. లేకపోతే రేపటి నుంచి తీసుకోవద్దు, నేరుగా చెప్పలేకపోతే ఈ జవాబు చూపించు.

కారు డ్యాష్‌బోర్డులో పెట్టి తాళం వేసి పోవడం కూడా వద్దు. అద్దం పగలగొట్టడానికి అర నిమిషం చాలు. పోతే వెంటనే స్టేషన్‌కు చెప్పాల్సిన బాధ్యత మీదే, ఆ తుపాకీ ఎక్కడో పేలితే ఆ నంబరు పట్టుకుని మీ ఇంటికే వస్తారు.

అన్నట్టు కర్నూలు దాటి హైదరాబాదు పోయేవాళ్ళు, అనంతపురం నుంచి బళ్ళారి పోయేవాళ్ళు లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో చూసుకోండి. మన రాష్ట్రానికే ఉంటే సరిహద్దు దాటగానే మీ దగ్గర ఉన్నది లైసెన్సు లేని తుపాకీతో సమానం.

తాడిపత్రి పెద్దమ్మాయి · శనివారం రాత్రి 9:30

ఈ చర్చను పొద్దున్నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నా. ఆదోని అన్న వాళ్ళ పెద్దనాయనకు ముప్పై ఏళ్ళు ఏమీ కాలేదు అన్నారు కదా, మా నాన్నకు పందొమ్మిదేళ్ళు ఏమీ కాలేదు.

నాన్న గనుల దగ్గర కాంట్రాక్టు చేసేవారు. కూలీలకు శనివారం జీతాలు పంచాలి, డబ్బు సంచితో పోవాలి, అందుకని తుపాకీ. కోపిష్టి కాదు, ఒక్కసారి కూడా ఎవరి మీదా తీసిన మనిషి కాదు. మాకు తెలిసి అది అమ్మకు భయం తప్ప ఇంకెవరికీ ఇబ్బంది కాలేదు. నాకు పదిహేనేళ్ళప్పుడు, ఉగాది ముందు రోజు, ఎవరో గృహప్రవేశం భోజనానికి పోయి కొంచెం తాగి వచ్చారు. కొంచెమే. తలుపు తనే తీసుకున్నారు, చెప్పులు వరసగా విడిచారు, నన్ను చదువుతున్నావా అని అడిగారు. తర్వాత గదిలోకి పోయి నడుము నుంచి రివాల్వర్ తీసి అటక మీద పెట్టబోయారు. రోజూ చేసే పనే. ఆ రోజు హోల్‌స్టర్ బటన్ గట్టిగా ఉంది, లాగారు, వేలు ట్రిగ్గర్ మీద పడింది.

శబ్దం గురించి నేను చెప్పలేను. ఇల్లంతా ఒక్కసారి చెవిటిదైపోయినట్టు ఉంది, తర్వాత అమ్మ అరుపు. మంచం మీద చెల్లెలు నిద్రపోతోంది, ఏడేళ్ళు దానికి. తూటా మంచం పట్టె పక్కనుంచి పోయి గోడవారగా ఉన్న రేకు ట్రంకు పెట్టెలో దిగింది. చెల్లెలి పాదానికీ ఆ పెట్టెకూ మధ్య ఒక జాన. నాన్న చేతిలో తుపాకీ అలాగే ఉంది, చెల్లెల్ని ఎత్తుకుని ఒళ్ళంతా తడుముతున్నారు, ఎక్కడా రక్తం లేదని చూసి కూడా మళ్ళీ మళ్ళీ తడుముతున్నారు.

తెల్లారి పెట్టె తెరిచాం. అందులో అన్నిటికంటే పైన అమ్మ పెళ్ళి పట్టుచీర. మడతల మధ్య తూటా ఉంది, చివర చప్పిడిగా అయ్యి. అమ్మ ఆ చీర విప్పింది. ఒక్క తూటానే, కానీ చీర విప్పేకొద్దీ ఒక మడతకొక రంధ్రం, వరసగా, అంచు నుంచి అంచు దాకా. అమ్మ ఏడవలేదు, లెక్కపెట్టింది. పదకొండు.

నాన్న ఆ రోజే స్టేషన్‌కు పోయి జరిగింది జరిగినట్టు చెప్పి, తుపాకీ అప్పగించి, లైసెన్సు వద్దని రాసిచ్చి వచ్చారు. మందు కూడా మానేశారు, కానీ ఆ సంగతి అమ్మకు ముఖ్యం కాలేదు. చీర మాత్రం దాచింది, నాకు పెళ్ళయ్యాక నాకిచ్చింది. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది.

ఆదోని అన్నా, మీ పెద్దనాయనను తప్పు పట్టడం లేదు. ఆ ముందు రోజు వరకు మా నాన్న గురించి నేనూ అదే మాట చెప్పేదాన్ని.

పొద్దుటూరు చిన్నోడు · శనివారం రాత్రి 10:02

అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. నాకు ఐదేళ్ళ కూతురు ఉంది. ఈరోజు డాబాకు పోలేదు.

నల్లమల అంచు రైతు · ఆదివారం ఉదయం 6:15

మాది ఆత్మకూరు వైపు. అడవి పందుల కోసం పంట రక్షణ కింద లైసెన్సు ఉంది, సింగిల్ బ్యారెల్. మొక్కజొన్న కంకి పట్టే కాలంలో రాత్రంతా మంచె మీదే. చలికని చాలామంది సీసా కూడా పట్టుకుపోతారు, పక్కన తుపాకీ, పైన చీకటి. చీకట్లో కదిలేది పందా, నీళ్ళ మోటారు చూసుకోవడానికి వచ్చిన పక్క చేను మనిషా అని తాగనివాడికే తేలడం కష్టం. మా మంచె మీద ఫ్లాస్కులో టీ మాత్రమే ఉంటుంది, మా తమ్ముడు సీసా తెస్తే ఆ రాత్రికి తుపాకీ ఇంట్లో, టపాకాయలతో తోలుకుంటాం. రెండు చాళ్ళు పోతే పోనీ.

ఆదోని పత్తి · ఆదివారం ఉదయం 10:50

తాడిపత్రి అమ్మా, రాత్రి మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా పెద్దనాయన భార్య, మా పెద్దమ్మ, ఎనభై దాటాయి ఆమెకు, విని ఒక మాట చెప్పింది. ఆయన తాగి పడుకున్నాక ఆమె రోజూ లేచి, దిండు కింద నుంచి తుపాకీ తీసి, తూటాలు తీసి బియ్యం డబ్బాలో పెట్టి, తెల్లారి ఆయన లేవక ముందే మళ్ళీ పెట్టేదట. ముప్పై ఏళ్ళు. ఆయనకు తెలియదు, మాకెవరికీ తెలియదు. ఇన్నాళ్ళు నేను ఆయన కంట్రోల్ అని చెప్పుకుంటున్నది ఆమె నిద్ర. నిన్న నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఖాళీ చేతులతో ఇంటికి పోవడం ప్రమాదం అని కూడా అన్నాను. దానికి నాకే జవాబు తట్టింది. 2024 ఎన్నికలప్పుడు మార్చిలో కోడ్ రాగానే తుపాకులు స్టేషన్‌లో జమ చేయమన్నారు, జూన్‌లో లెక్కింపు అయ్యేదాకా మా ఇంట్లో ఆయుధం లేదు. ఆ రెండున్నర నెలలూ పత్తి డబ్బు మోశాం, రాత్రిపూట తిరిగాం. పగలు పోయేలా పనులు మార్చుకున్నాం, ఇద్దరం కలిసి పోయాం, డబ్బు ఎక్కువగా బ్యాంకు ద్వారానే పంపాం. అన్ని రోజులు చేసినవాళ్ళం ఒక్క శనివారం సాయంత్రం చేయలేమా? కూర్చోవాలనుంటే ఇంట్లోనే కూర్చోవచ్చు, లేదా తాగని మనిషితో బండిలో పోవచ్చు.

కర్నూలు మాజీ సుబేదార్ · ఆదివారం మధ్యాహ్నం 1:30

ఆదోని అన్నా, పెద్దమ్మ గారికి నా పాదాభివందనం చెప్పండి. ఫౌజులో ఆయుధాల గది చూసుకోవడానికి కోత్ ఎన్‌సీఓ అని ఒక మనిషి ఉంటాడు, ఆమె ముప్పై ఏళ్ళు ఆ డ్యూటీ చేసింది.

బయట మనల్ని చూస్తే సీమ అనగానే బాంబులు, కొడవళ్ళు అంటారు. ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు చీకటైపోయాయో మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. అందుకే మన పిల్లలు తుపాకీ పట్టుకునే పద్ధతి మీద నాకింత పట్టింపు.

చిన్నోడూ, ఇప్పుడు పని మాటలు. స్టీలు పెట్టె కొను, గోడకు గానీ నేలకు గానీ బోల్టులతో బిగించేది. బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేస్తే చాలదు, బీరువా రోజుకు పదిసార్లు తెరుస్తారు. తూటాలు వేరే చోట, వేరే తాళం. ఇంటికి రాగానే వరస ఒకటే ఉండాలి. పిల్ల లేని గదిలోకి పో, తలుపు వేసుకో, ఫోను పక్కన పెట్టు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, గొట్టం మనుషులు ఉండని గోడ వైపు. రివాల్వర్ మధ్యకు విరిచి తెరువు, ఆరు తూటాలూ బయటికి రావాలి, మంచం మీద వరసగా పెట్టి వేలితో లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు, పైకి చదువు. తర్వాత తూటాలు కూర్చునే ఆరు గదుల్లోంచీ వెలుతురు కనపడేలా దీపం వైపు పట్టి చూడు. మా బ్యాంకులో అయితే దీనికోసం ఇసుక నింపిన పెట్టె ఉంది, గొట్టం అందులోకి పెట్టి ఖాళీ చేస్తాం. ఇంట్లో ఇసుక బక్కెట్టు పెట్టుకున్నా తప్పు లేదు.

స్నేహితులకు కూడా చెప్పు, నేను తుపాకీతో వచ్చిన రోజు నాకు పోయొద్దని. చూపించరా ఒకసారి అని అడిగేవాడు కచ్చితంగా ఒకడు ఉంటాడు, వాడికి ఎప్పుడూ చూపించకు.

పెళ్ళికి పోయేటప్పుడు రెండు మూడు రోజులు ఇల్లు ఖాళీగా ఉంటుందంటే లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర భద్రంగా ఉంచి రసీదు తీసుకో.

తాడిపత్రి పెద్దమ్మాయి · ఆదివారం మధ్యాహ్నం 3:00

తమ్ముడూ, ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. డాబా దగ్గర జరిగింది మీ ఆవిడకు చెప్పావా? చెప్పు. మా అమ్మ పందొమ్మిదేళ్ళు భయపడింది, ఏ రోజు తాగి వచ్చాడో, తుపాకీలో తూటాలు ఉన్నాయో లేవో అడిగే చనువు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

పొద్దుటూరు చిన్నోడు · మూడు వారాల తర్వాత, సోమవారం రాత్రి 9:45

అందరికీ మళ్ళీ నమస్కారం. పెళ్ళి బాగా జరిగింది. తుపాకీ కడపలో డీలరు దగ్గర రెండు రోజులు ఉంచి రసీదు తీసుకున్నా. మామ వాళ్ళు పోశారు, తాగాను, రెండు పెగ్గులు. పాటలు పెట్టి అందరూ గంతులేస్తుంటే నేనూ పోయి కలిశాను, నడుము తేలిగ్గా ఉంది, ఎవరైనా భుజం మీద చేయి వేసినా ఉలిక్కిపడలేదు. లైసెన్సు వచ్చినప్పటి నుంచి అలా లేనని ఆ రోజే తెలిసింది. రెండో రోజు సాయంత్రం దాకా ఆగి, సిస్టర్ అక్క లెక్క వేసుకుని, అప్పుడు పోయి తెచ్చుకున్నా.

శనివారాల సంగతి. షాపు మూసి ఇంటికే పోతున్నా. ఇంటి నుంచి డాబాకు మళ్ళీ బయలుదేరడానికి సగం రోజులు బద్ధకమేస్తోంది, పాప వదలడం లేదు, అది వేరే విషయం. ఒక శనివారం కర్నూలు నుంచి ఆలస్యంగా వచ్చి నేరుగా వాళ్ళ దగ్గరికి పోవాల్సి వచ్చింది, నడుముకు ఉంది. ఈరోజు నాకు మజ్జిగ అన్నాను. ఒకడు బతిమాలాడు, ఇంకోడు వాడి గ్లాసు పక్కకు జరిపి "వాడికి పోయొద్దురా, ఉండాది వాడి దగ్గర" అన్నాడు. అంతే, ఇంకెవరూ అడగలేదు.

మా ఆవిడకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెట్టె తాళం చెవి అడిగింది. చట్టం ప్రకారం నాదే బాధ్యత అని లాయరు సార్ రాసింది చూపించాను, అది చదివి, అయితే చెవి నీ దగ్గరే పెట్టుకో, కానీ లెక్కపెట్టేటప్పుడు నేను తలుపు బయట నిలబడి వింటా అంది. ఇప్పుడు రోజూ పైకి చదువుతున్నా, ఆరు దాకా. ఆరు అన్నాక ఆమె వంటింట్లోకి పోతుంది.

పెట్టె బిగించిన ఫోటో పెడుతున్నా, సుబేదార్ అన్న చూసి చెప్పండి.

కర్నూలు మాజీ సుబేదార్ · సోమవారం రాత్రి 10:10

పెట్టె బాగుంది, పాప చేతికి అందని ఎత్తులోనే పెట్టావు. కింద ఎడమ పక్క బోల్టు చూడు, వాషర్‌కూ రేకుకూ మధ్య సందు కనపడుతోంది, పూర్తిగా దిగలేదు. ఇటుక గోడ అయితే కొంచెం లోతుగా డ్రిల్ వేయించి మళ్ళీ బిగించు. రేపు పొద్దున్నే చేయించి ఇంకో ఫోటో పెట్టు.